కారం దిగిన చేతులు

మా ఊళ్లో సగం మంది ఏటా మిరపకాయల కోతలకి గుంటూరు వైపు పోయేవాళ్లే. కానీ వాళ్లనడిగితే ఏం చెబుతారు? తెల్లారకముందే చేలో దిగి, పొద్దుగూకితే పరదా పట్ట కింద ఒరిగేవాళ్లకి ఊళ్ల సంగతి ఏం తెలుస్తుంది! నేను కోతకి పోలేదు. మనిషిని వెతుక్కుంటూ పోయాను. అందుకని దారి పొడుగునా కళ్లు తెరుచుకునే ఉన్నాను. నేను ఐదో తరగతి దాకానే చదివాను, రాతలో తప్పులుంటే సర్దుకోండి. చూసింది మాత్రం చూసినట్టే చెబుతాను.

దర్శి పక్కన, మా బడి

మాది దర్శికి కూతవేటు పల్లె. మా ఆయన దూది ఏకేవాడు, నేను పరుపులూ బొంతలూ కుట్టేదాన్ని. స్పాంజి పరుపులొచ్చాక ఆ పని పోయింది. ఆయనా పోయాడు. ఆ తర్వాత వానలు వరసగా మొహం చాటేసిన ఏళ్లలో, రెండువేల సంవత్సరం దాటాక అనుకోండి, ఊరు ఊరంతా వలస పోవడం మొదలైంది. తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోయేవాళ్లు. బడి మూతబడే స్థితికొచ్చింది. అప్పుడు ధర్మానికి సాయం చేసే సంస్థ వాళ్లొచ్చి, వలస తీరేదాకా పిల్లలు ఉండటానికి ఊరి చివర పొగాకు ఆరబెట్టే పాత బ్యారన్ కొట్టం బాగుచేయించి హాస్టల్ పెట్టారు. బియ్యం, పప్పు, పలకలు వాళ్లవి. మూడు పూటలా వంట నాది. నెలకోసారి డాక్టరొచ్చేవాడు. పిల్లలకి చలేస్తుందంటే ఊళ్లో ఇంటికో పాత చీర అడిగి తెచ్చి నేనే బొంతలు కుట్టాను.

ఆ పిల్లల్లో కోటేశ్వరి అని ఒకతె. కోటి అంటాం. నిరుడు పత్తికట్టె పీకుతుంటే మోడు తగిలి ఎడమ కంట్లో గుచ్చుకుంది. ముందు ఎర్రబడింది, తర్వాత నల్లగుడ్డు మీద పాలచుక్క వేసినట్టు తెల్లగా కమ్మింది. నెలనెలా వచ్చే డాక్టరు చూసి, "శుక్లం. తీస్తే చూపొస్తుంది. కానీ ఇంకా ఆలస్యం చేస్తే కన్ను చూడటం మరిచిపోద్ది, ఆ తర్వాత తీసినా దండగే" అన్నాడు. ఒంగోల్లో ఒక ధర్మాసుపత్రికి పిల్లల కంటి డాక్టర్లు ఆ వారమే వస్తున్నారు. మళ్లీ రావడం ఎండాకాలం వెళ్లాకే. అన్నీ ఉచితం. కాకపోతే కన్నవాళ్లు వచ్చి వేలిముద్ర వేయాలి.

కోటి తండ్రి బోర్లు వేసే లారీ మీద కర్ణాటకలో ఎక్కడో ఉన్నాడు. తల్లి గురవమ్మ కోతల ముఠాలో ఉంది. ముఠా ఎక్కడుందో ఎవరికీ తెలీదు. వినుకొండ వైపన్నారు ఒకరు, ఏటి ఒడ్డు వైపన్నారు ఇంకొకరు.

బడి నడిపే విమల టీచరమ్మ నా వైపు చూసింది. "కాశమ్మా, పిల్లల్ని వదిలి నేను కదలకూడదు. నువ్వే పోవాలి."

"వంటో?"

"వంట ఎవరైనా వండుతారు. గురవమ్మ మొహం గుర్తుపట్టేది నువ్వేగా."

శివరాత్రి వెళ్లిన మర్నాడు, రెండు చీరలు, నాలుగు సజ్జరొట్టెలు, కాస్త ఉల్లికారం మూటగట్టుకుని బస్సెక్కాను. బయల్దేరే ముందు నేను వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే కోటి వచ్చి, "అమ్మ కనపడితే నాకు కన్ను నొప్పి లేదని చెప్పు. లేకపోతే ఏడుస్తుంది" అంది. ఆ మాట నా మూటలో అన్నిటికన్నా బరువు.

వినుకొండ

కురిచేడు మీదుగా బస్సు వెళ్తుంటే ఎటు చూసినా నెర్రెలు తీసిన నేలే. మావైపు సంగతే అనుకుంటే ఇక్కడా అంతే. వినుకొండ కొండ దూరం నుంచే కనపడుతుంది, ఊరికి కాపలా కూర్చున్న ముసలాడిలా. బస్టాండు దగ్గర టీకొట్టు సాయిబు నా పేరడిగి, ఊళ్లో కాశమ్మనే అయినా అసలు పేరు కాశింబీ అని చెప్పగానే ఉర్దూలో గలగలా ఏదో మాట్లాడాడు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"ఏందమ్మా, మనోళ్లేగా? మాట రాదా?"

"మేం దూదేకులోళ్లం భాయ్. అల్లాని కూడా తెలుగులోనే అడుగుతాం."

"మరి ఆయన ఇస్తున్నాడా?"

"ఆయనకి తెలుగు వచ్చిన రోజున ఇస్తాడు."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. టీ రూపాయిన్నర. విషయం చెప్పాక డబ్బులు తీసుకోలేదు. పైగా కోతల మేస్త్రీలు టీ తాగడానికొచ్చే చోటు అదేనని, వచ్చినవాళ్లందరినీ పిలిచి అడిగాడు. ఈ వైపు బోర్లెండి మిరప మాడిపోయిందట, దర్శి ముఠాలన్నీ కృష్ణ ఒడ్డున తుళ్లూరు వైపు పోయాయట.

"తుళ్లూరంటే గుంటూరు దాటి పోవాలమ్మా. చాలా దూరం" అన్నాడు సాయిబు. నేను మూట చంకలో పెట్టుకున్నాను.

నరసరావుపేట, గుంటూరు

బస్సు నిండా కోటప్పకొండ తిరునాళ్ల నుంచి తిరిగి పోయే జనం. చెరకుగడలు, జీళ్లు, పిల్లల బూరలు. గుండు చేయించుకున్న ఒక బుడ్డోడు నా ఒళ్లో పడి నిద్రపోయాడు. వాడి నెత్తికి రాసిన గంధం నా రవికంతా అంటింది. వాళ్లమ్మ సిగ్గుపడుతూ చెరకుముక్క ఇచ్చింది. ఆ తోపులాటలో నరసరావుపేటలో దిగేటప్పుడు నా చెప్పొకటి బస్సులోనే ఉండిపోయింది. బస్సు వెనక అరుచుకుంటూ పరిగెత్తితే కండక్టరు తల బయట పెట్టి, "రెండోది కూడా వేసెయ్యమ్మా, ఎవరికైనా జతవుద్ది!" అన్నాడు. జనమంతా ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది. వేసేదాన్నే, కానీ మనసొప్పక మూటలో పెట్టుకున్నాను.

ఆ రాత్రికి బస్టాండులోనే ఆడవాళ్ల పక్కన చోటు చూసుకుని పడుకుని, తెల్లారి గుంటూరు చేరాను. గుంటూరు వచ్చిందని ఎవరూ చెప్పక్కర్లేదు. బస్సులో అందరూ తుమ్మడం మొదలుపెడితే వచ్చినట్టే. మిరప యార్డు గాలి అలాంటిది. అక్కడి వాళ్లు మాత్రం ఆ గాల్లోనే ఇడ్లీ తింటున్నారు. దాని మీద మళ్లీ కారప్పొడి! మావైపు సజ్జరొట్టెలోకి పచ్చిమిరపకాయ కొరుక్కుంటేనే గొప్ప కారం అనుకుంటాం. గుంటూరు వాళ్ల నాలుక మీద రోకలి వేసి దంచినా చురుక్కుమనదు. అక్కడే ప్లాట్‌ఫారం మీద రబ్బరు చెప్పులు కొన్నాను. చెప్పులవాడు నలభై అన్నాడు, బేరమాడి ఇరవై ఎనిమిదికి తీసుకున్నాను. ఒంటి చెప్పు చూపిస్తే రెండు రూపాయలు తగ్గించాడు. అదీ దాని పుణ్యం.

తుళ్లూరు చేలు

తుళ్లూరు పోయే బస్సు కిటికీలోంచి చూస్తుంటే నాకు కడుపు మండింది. ఆ నల్లరేగడి చూడాలి! కాలవల్లో నీళ్లు, నీళ్లలో బర్రెలు, బర్రెల మీద కొంగలు. మా పల్లెలో ట్యాంకర్ వస్తే బిందెల కోసం కొట్టుకుంటాం, ఇక్కడ బర్రెలకి ఈత! ఇంకొంచెం పోయాక కళ్లాలు. ఎకరాలకెకరాలు ఎర్రచీర పరిచినట్టు మిరపకాయలు ఎండబోశారు. పక్క చేలల్లో పత్తి ఏరుతున్నారు. ఒక పక్క ఎరుపు, ఒక పక్క తెలుపు.

బస్సు దిగి డొంక వెంట నడిచాను. చేనుకో ముఠా ఉంది. అందరూ చీరల మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కాలు తొడుక్కుని, మొహాలకి తువ్వాళ్లు చుట్టుకుని ఉన్నారు. కళ్లు తప్ప ఏమీ కనపడవు. అందులో గురవమ్మ ఎవరు? "దర్శోళ్లా?" అని కేకేస్తే ఒకరు నంద్యాలంటారు, ఇంకొకరు మార్కాపురమంటారు. ఎండ నడినెత్తికొచ్చింది. ఇంకొక్కరోజు దాటితే ఒంగోల్లో డాక్టర్లు వెళ్లిపోతారు. కాళ్లు పీకుతున్నాయి. ఒక గట్టు మీద కూలబడ్డాను.

అప్పుడు కనపడింది. ఆ పక్క చేను అంచున పత్తికట్టె కంచె మీద ఒక బొంత ఆరేసి ఉంది. చిలకపచ్చ చీర, నడుమ ఎర్ర అంచు ముక్క. మూల దగ్గర కుట్టు గవ్వలాగ మెలి తిరిగి ఉంది. మా అత్త నాకు నేర్పిన కుట్టు అది. మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా అలా తిప్పరు. ఆ చిలకపచ్చ చీర గురవమ్మ అత్తగారిది. నేనే కుట్టిచ్చాను.

"గురవమ్మో!" అని అరుస్తూ లేచి పరిగెత్తాను. మధ్యలో కళ్లముంది. అక్కడ ఆడవాళ్లు ఎండుకాయల్ని గోతాల్లోకి తొక్కుతున్నారు. ఆ ఘాటు ఒక్కసారిగా గొంతులో దిగింది. ఇంకేముంది! దగ్గు. మాట రావడం లేదు. కళ్లలోంచి, ముక్కులోంచి ధారలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెయ్యి ఊపుతూ, వెక్కిళ్లు పెట్టుకుంటూ చేలోకి పోయాను.

సాళ్ల మధ్యలోంచి ఒక చొక్కా లేచి నిలబడింది. తువ్వాలు తీసింది. గురవమ్మే. నన్ను చూసింది, నా కళ్లనీళ్లు చూసింది. మావైపు చావుకబురు చెప్పడానికి మనిషే పోతుంది. గుమ్మంలో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని మాట్లాడకుండా ఉంటుంది. అది అందరికీ తెలిసిన పద్ధతి. నేను అచ్చం అట్లాగే ఉన్నాను.

"నా బిడ్డో!" అని కూలబడింది గురవమ్మ. ముఠా ముఠా అంతా గొల్లుమంది. పక్క చేను వాళ్లు కూడా పని ఆపేశారు. నేనేమో కాదు కాదని చెయ్యి అడ్డంగా ఊపుతున్నాను. "ఇంక లేదంటుంది!" అని ఎవరో అరిచారు. ఏడుపు రెట్టింపైంది.

కళ్లం దగ్గర్నుంచి ఆసామి భార్య సామ్రాజ్యమ్మ గారు చెంబుతో మజ్జిగ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. పెద్దావిడ, గట్టి గొంతు. "ఏడుపాపండి! ఆమెకి మిరప ఘాటు కోరెక్కింది. ముందు తాగనివ్వండి" అని కసిరింది. సగం చెంబు తాగాక నా గొంతు వచ్చింది.

"బతికే ఉందే! బంగారంలా ఉంది! కంటికి ఆపరేషన్ చేస్తామంటున్నారు, నిన్ను రమ్మన్నారు!"

తర్వాత గురవమ్మ లేచొచ్చి నా భుజం మీద ఒక్క చరుపు చరిచింది. "నీ నోట్లో మన్ను పడ, కాశమ్మక్కా! ఆ మాట ముందు చెప్పొద్దా!" అని నన్ను వాటేసుకుని మళ్లీ ఏడ్చింది.

కానీ రానంది. "కంటికి కత్తి పెడతారా? ఒక కన్నన్నా ఉంది నా బిడ్డకి. రెండోదీ పోతే?" అని మొండికేసింది. నేనేం డాక్టర్నా, చెప్పడానికి? తెలిసిందే చెప్పాను. "ఆ కన్నుతో పలక కనపడదు. టీచరమ్మ బోర్డు మీద రాస్తుంటే మెడ తిప్పి చూస్తుంది. తోటి పిల్లలు మెల్లకోటి అంటున్నారు. వాళ్లని ఏమీ అనదు. నాకు నొప్పి లేదని చెప్పమంది నీకు, నువ్వు ఏడుస్తావని."

గురవమ్మ చీర మీది చొక్కా గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టింది.

మేస్త్రీ సుబ్బయ్య బీడీ ఆర్పి, "చేను సగంలో ఉంది. మనిషి పోతే సాలు ఖాళీ. ఆసామికి నేనేం చెప్పాలి?" అన్నాడు. చెడ్డవాడు కాదు, వాడి బాధ వాడిది.

పక్క సాలు పట్టిన ముసలామె నడుం నిమురుకుంటూ లేచింది. "సాలు ఖాళీ ఎందుకవుద్దిరా? ఇటు పక్క నేను సగం కోస్తా, అటు పక్క సాలు పిల్ల సగం కోస్తది. గురవమ్మ ఉన్నట్టే లెక్క."

"నీ సాలే నువ్వు ఈడ్చలేవు, ముసలమ్మా."

"నీ మేస్త్రీతనం నువ్వు ఈడుస్తున్నావు గదరా, నేను ఈడవలేనా!"

ఆడవాళ్లంతా నవ్వారు. సుబ్బయ్య కూడా నవ్వి, "సరే ఫో, నాకెందుకు" అన్నాడు. మావైపు ఎవరింట్లో కష్టమొచ్చినా ఇంటింటా పిడికెడు బియ్యం ఎత్తుతాం. ఇక్కడ బియ్యం లేవు, నడుములున్నాయి. అవే ఎత్తారు. ఆ సంస్థ వాళ్లు పెట్టిన హాస్టల్ ఎంత గొప్పదో ఆ సగం సాలు కూడా నాకంత గొప్పగానే కనపడింది.

బయల్దేరుతుంటే సామ్రాజ్యమ్మ గారు గోంగూర పచ్చడి, అన్నం పొట్లం కట్టిచ్చింది. గురవమ్మ చేతులు చూసి, కొబ్బరినూనె సీసా కూడా ఇచ్చింది. "చేతులకి రాసుకోమ్మాయ్, బిడ్డ దగ్గరికి పోతున్నావు" అంది. ఆ మాటకి అర్థం అప్పుడు నాకు తట్టలేదు.

ఒంగోలు

అద్దంకి మీదుగా ఒంగోలు చేరేసరికి విమల టీచరమ్మ మిగతా పిల్లల్ని ఒక్క పూటకి ఊరివాళ్లకి అప్పజెప్పి, కోటిని తీసుకొచ్చి ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంది. కోటి తల్లిని చూడగానే పరిగెత్తుకొచ్చింది. గురవమ్మ రెండు చేతులూ చాచి బిడ్డ మొహం పట్టుకోబోయింది. "ఆగు!" అని ఒక కేక. తెల్లచీర నర్సమ్మ మధ్యలోకి వచ్చేసింది.

"మిరపకోతల నుంచేనా? గోళ్లు చూడు ఎట్టా ఎర్రగా ఉన్నాయో. ఆ చేతులు పిల్ల మొహానికి తగిలాయంటే ఆపరేషన్ ఆగిపోద్ది. తర్వాత తగిలితే కన్నే పోద్ది. కారం దిగేదాకా ముట్టుకోవద్దు."

గురవమ్మ చేతులు గాల్లోనే ఉండిపోయాయి. వేలిముద్ర వేసింది, అంతే. ఆ చేతులు కాగితానికి పనికొచ్చాయి కానీ బిడ్డకి పనికి రాలేదు.

నెలన్నర కోసిన చేతులు. సబ్బుకి దిగదు ఆ కారం. మజ్జిగలో నానబెట్టింది, చింతపండు రుద్దింది, ఉప్పు రుద్దింది, కొబ్బరినూనె పట్టించింది. వార్డులో ఒక్కొక్కరూ ఒక్కో వైద్యం చెప్పారు. చీరాల నుంచి వచ్చిన ఒకామె శనగపిండి తెప్పించింది. కోతలోళ్లకి ఒకటే పరీక్ష ఉంది. వేలు తీసుకుని సొంత కంటి కొసకి ఆనించుకోవడమే. మండితే దిగలేదని లెక్క. గురవమ్మ పొద్దున లేవగానే ఆ పని చేసేది. కన్ను ఎర్రబడి ధారలు కట్టేవి. మొహం కడుక్కొచ్చి గోడ వైపు తిరిగి కూర్చునేది.

ఆపరేషన్ బాగా జరిగింది. కంటికి కట్టు కట్టి తీసుకొచ్చారు. జడ వేయడం, అన్నం కలిపి పెట్టడం, మందుచుక్కలు వేయడం, అన్నీ నా చేతులే. గురవమ్మ పక్కన కూర్చుని, చేతులు కొంగులో చుట్టుకుని, "పాపిడి కాస్త ఎడంగా తియ్యి అక్కా", "ముద్ద చిన్నది చెయ్యి" అని చెబుతుండేది. నా చేతులు ఆమెకి అరువిచ్చినట్టుంది నాకు.

ఒక మధ్యాహ్నం కోటి ఉండబట్టలేక అడిగింది. "అమ్మా, నా మీద కోపమా?"

"కోపమెందుకే తల్లీ!"

"మరి ముట్టుకోవేం?"

"చేతుల నిండా కారమే. నర్సమ్మ కొడుతుంది నన్ను."

కోటి దుప్పటి కింది నుంచి రెండు కాళ్లూ బయటికి చాపింది. "కాళ్లకేం కారం తగలదుగా. కాళ్లు పట్టుకో."

గురవమ్మ మంచం చివరికి జరిగి ఆ రెండు పాదాలూ ఒళ్లో పెట్టుకుంది. అప్పటి నుంచి అదే ఆమె చోటు. భోజనానికి కూడా లేవమంటే లేచేది కాదు.

కట్టు విప్పిన రోజు ఆసుపత్రి డాక్టరమ్మ వేళ్లు చూపించి లెక్కపెట్టమంది. కోటి తడుముకుంటూ చెప్పింది. అన్నీ మసకమసకగా ఉన్నాయంది. డాక్టరమ్మ మాత్రం నవ్వింది. "ఈ కన్ను ఏడాది నుంచి బడి ఎగ్గొట్టింది. ఇప్పుడు దీనికీ బడి పెట్టాలి" అని, బాగున్న కుడికన్నుకి గుడ్డ అతికించింది. రోజూ కొన్ని గంటలు అది మూసి ఉంచితే రెండోది చూడటం నేర్చుకుంటుందట. మంచి కన్ను మూసేస్తే గురవమ్మ అదిరిపడింది. పాదాలు ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

కోటి ఆ ఒక్క కన్నుతో వార్డంతా తిరిగింది. మంచాలకి డీకొట్టుకుంది, నీళ్లగ్లాసు బోర్లించింది. గోడ మీద క్యాలెండర్ దగ్గరికి పోయి ముక్కు ఆనించి అంకెలు వెతికింది. మర్నాటికి జానెడు దూరం నుంచి చదివింది.

ఇంటికి పొమ్మన్న రోజు పొద్దున్నే నేను మూట సర్దుతున్నాను. ఒంటి చెప్పు ఇంకా అందులోనే ఉంది. గురవమ్మ కుళాయి దగ్గర్నుంచి వచ్చింది. మంచం ముందు నిలబడి, ఎప్పటిలాగే వేలు తన కంటి కొసకి ఆనించుకుంది. ఆగింది. రెండో చేతి వేలు కూడా ఆనించుకుంది. నా వైపు తిరిగింది. కళ్లు తెల్లగా, పొడిగా ఉన్నాయి.

"దిగింది అక్కా" అంది.

కోటి మంచం మీద కూర్చుని ఉంది, కుడికన్నుకి గుడ్డతో. గురవమ్మ ఎదురుగా కూర్చుని రెండు అరచేతుల్లో బిడ్డ మొహం తీసుకుంది. బుగ్గలు నిమిరింది, నుదురు నిమిరింది, చెవుల వెనక నిమిరింది.

కోటి మెడ తిప్పకుండా, తిన్నగా తల్లి మొహంలోకి చూసింది. అలా చూస్తూ చూస్తూ మొహం చిట్లించి, ఆ రెండు చేతులూ పట్టుకుని పక్కకి తోసేసింది.

"దిగలేదే! నీ కంట్లో నీళ్లు కారుతున్నాయి, నాకు కనపడుతున్నాయి. పోయి మళ్లీ కడుక్కో."